ఎగ్మోర్ కిర్క్: పైన గుండ్రటి హాలు, కింద 150 బావులు (కేస్ స్టడీ)

చెన్నైలో ఎగ్మోర్ స్టేషన్‌కి దగ్గర్లో, పూనమల్లి హైరోడ్డు మీద పొడుగు స్టీపుల్‌తో (మొన తేలిన శిఖరం ఉన్న టవర్) తెల్లటి చర్చి ఒకటి ఉంటుంది, సెయింట్ ఆండ్రూస్ చర్చి, ఊళ్లో వాళ్లకి మాత్రం అది కిర్క్ (స్కాట్లాండ్ భాషలో చర్చి అని అర్థం). బస్సులోంచి చూసినవాళ్లు లండన్‌లో సెయింట్ మార్టిన్ చర్చికి కాపీ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పాత బిల్డింగులు రిపేర్ చేసే మా లైన్‌లో ఉన్నవాళ్లు కూడా కొందరు అదే మాట అంటారు, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ముఖం కాపీనే, కాదనను. కానీ లోపలి హాలు, దాని మీద డోము, దాని కింద ఫౌండేషన్ ఈ మూడూ లండన్ నుంచి వచ్చినవి కావు. మద్రాసు నేల ఎలాంటిదో, మద్రాసు చెదలు ఎలాంటివో తెలిసినవాళ్లు, కూర్చుని గంటసేపు ప్రసంగం వినాల్సిన జనాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టినవి.

కోస్తాలో ఒక పాత చర్చి రిపేర్ మా దగ్గరికి వచ్చింది, దానికి రిఫరెన్స్‌గా పెట్టుకోడానికి ఏదన్నా గట్టి ఉదాహరణ కావాలని ఈ కిర్క్ గురించి దొరికినంతా చదివి, వెళ్లి చూసి రాసుకున్న నోట్స్ ఇవి. మా ప్రాజెక్ట్ సంగతి చివర్లో కొంచెం వస్తుంది, మిగతాదంతా కిర్క్ గురించే.

ముందు అసలు ఈ చర్చి ఎందుకు కట్టాల్సొచ్చిందో చూద్దాం. ఈస్టిండియా కంపెనీలో స్కాట్లాండ్ వాళ్లు బోలెడుమంది, సైన్యంలో, వ్యాపారంలో, డాక్టర్లుగా. ఇంగ్లండ్ వాళ్ల అధికారిక చర్చి ఆంగ్లికన్, దాంట్లో బిషప్పులుంటారు. స్కాట్లాండ్‌ది ప్రెస్బిటేరియన్, అక్కడ బిషప్ అనే పదవే లేదు, పాస్టర్లూ సంఘ పెద్దలూ కలిసి కూర్చుని నడుపుకుంటారు. కంపెనీ జీతం ఇచ్చే పాదిరీలు మాత్రం అందరూ ఆంగ్లికన్లే, మరి మా సంగతేంటని స్కాట్లాండ్ వాళ్లు గొడవపెట్టారు. 1813లో కంపెనీ చార్టర్ రెన్యువల్‌కి వచ్చినప్పుడు ఈ విషయం గట్టిగా పైకొచ్చి, మూడు ప్రెసిడెన్సీ పట్టణాల్లోనూ స్కాటిష్ చాప్లిన్లని (కంపెనీ జీతం ఇచ్చే పాదిరీలు) పెట్టడం, చర్చిలు కట్టడం మొదలైంది. కలకత్తాలో 1818లో, బొంబాయిలో 1819లో, మద్రాసులో 1821లో తెరిచారు. మూడింటికీ పేరు సెయింట్ ఆండ్రూదే, ఆయన స్కాట్లాండ్‌కి రక్షక సెయింట్ కాబట్టి.

కలకత్తాలో స్టీపుల్ దగ్గర పెద్ద తగాదా నడిచిందని చెప్తారు. మీకు స్టీపుల్ కట్టే హక్కు లేదని అక్కడి ఆంగ్లికన్ బిషప్ మిడిల్టన్ అడ్డుపడితే, స్కాటిష్ పాదిరీ బ్రైస్ కడతాను, కట్టి దాని నెత్తిన కోడిపుంజుని కూడా పెడతాను అన్నాడట, అన్నంత పనీ చేశాడట. కథలో మసాలా ఎంతో గానీ, స్టీపుల్ అనేది అప్పట్లో ఉత్త అలంకారం కాదు, మేమూ మీతో సమానమే అని చెప్పుకునే మార్గం, అది మాత్రం నిజం. మద్రాసు కిర్క్ స్టీపుల్ 166 అడుగుల 6 అంగుళాలు. మన మెదక్ చర్చి టవర్ 175 అడుగులు అంటారు కదా, దానితో పోల్చుకుంటే ఎత్తు ఎంతో మీకే తెలుస్తుంది, పైగా ఇది దానికంటే వందేళ్లు ముందుది.

కట్టింది కంపెనీ సైన్యంలో ఇంజనీర్ల దళమైన మద్రాస్ ఇంజనీర్స్ ఆఫీసర్ మేజర్ థామస్ ఫియోట్ డి హావిలాండ్. గెర్న్‌సీ దీవిలో 1775లో పుట్టాడు. ఈయన గురించి ఒక పేరా రాయకుండా ముందుకెళ్లలేను. 1808లో శ్రీరంగపట్నంలో దాదాపు 100 అడుగుల స్పాన్‌తో (రెండు ఆనికల మధ్య దూరం), చాలా తక్కువ వంపుతో ఒట్టి ఇటుకలతో ఆర్చి కట్టాడు. కావేరి మీద అంత పెద్ద స్పాన్‌తో ఇటుక వంతెన కట్టొచ్చంటే ఎవరూ నమ్మకపోతే, ఇదిగో నిలబడింది చూడండి అని చూపించడానికి కట్టాడంటారు. ఆ ఆర్చి 1937 దాకా నిలబడింది! ఆర్చి కట్టిన మరుసటి ఏడే, 1809లో, మద్రాసు సైన్యంలో ఇంగ్లీష్ ఆఫీసర్లు తిరగబడిన గొడవలో ఇరుక్కుని ఉద్యోగం పోగొట్టుకుని తర్వాత మళ్లీ చేరాడు. మొండిమనిషన్నమాట. మద్రాసులోనే సెయింట్ జార్జ్ కెథీడ్రల్, అది ఆంగ్లికన్లది, కాల్డ్‌వెల్ అనే ఇంజనీర్ డిజైన్ చేస్తే దాని కట్టుబడిలోనూ ఈయన చెయ్యుంది, అది 1815లో తెరిచారు. అంటే కిర్క్ మొదలుపెట్టేసరికి మద్రాసు ఇటుక, మద్రాసు సున్నం, మద్రాసు మేస్త్రీల చేతిపనితనం ఆయనకి బాగా తెలిసినవే. కిర్క్‌కి శంకుస్థాపన 1818 ఏప్రిల్ 6న, మొదటి ఆరాధన 1821 ఫిబ్రవరి 25న. మూడేళ్లు కూడా పూర్తిగా పట్టలేదు, దీన్ని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ మూడేళ్లలో నేల కింద చేసిన పనే బోలెడు.

ఇప్పుడు ఆ కాపీ సంగతి. ముందువైపు పోర్టికో (స్తంభాల వరండా), వరస స్తంభాలు, త్రికోణం పెడిమెంట్, దాని వెనక నుంచి లేచే స్టీపుల్, ఇదంతా లండన్‌లో జేమ్స్ గిబ్స్ 1721 నుంచి 1726 మధ్య కట్టిన సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్ పద్ధతే. గిబ్స్ స్కాట్లాండ్‌లో అబర్డీన్ వాడు. చాలామందికి తెలియనిది ఏంటంటే గిబ్స్ సెయింట్ మార్టిన్‌కి ముందు ఇచ్చింది గుండ్రటి హాలు ప్లాను, కమిటీ వాళ్లు ఖర్చెక్కువని పక్కన పడేస్తే తర్వాత పొడుగాటి హాలు కట్టాడు. కానీ ఆ గుండ్రటి ప్లాన్ వదులుకోలేక 1728లో తన డిజైన్లన్నీ కలిపి వేసిన పుస్తకంలో దాన్నీ అచ్చేశాడు. ఆ పుస్తకం ఇంగ్లీష్ వాళ్లున్న దేశాలన్నిటికీ పోయింది. సెయింట్ మార్టిన్ లోపలికెళ్తే పొడుగు హాలు, రెండు పక్కలా గ్యాలరీలు. కిర్క్ లోపలికెళ్తే గుండ్రటి హాలు. లండన్ వద్దన్నదాన్ని మద్రాసు కట్టుకుంది, అలాంటప్పుడు కాపీ అని ఎలా అంటారు?

గుండ్రంగా ఎందుకంటే ప్రెస్బిటేరియన్ ఆరాధనలో నడిబొడ్డు ప్రసంగమే. ఆల్టర్ చుట్టూ జరిగే తంతు తక్కువ, ఊరేగింపుగా నడిచొచ్చే పొడుగాటి దారి అక్కర్లేదు, అందరికీ పాస్టర్ కనపడాలి, మాట వినపడాలి. గుండ్రటి హాల్లో చివరి బెంచీ వాడు కూడా పల్పిట్‌కి (పాస్టర్ ప్రసంగించే ఎత్తైన అరుగు) మరీ దూరం కాడు. స్కాట్లాండ్‌లోనే దీనికి ముందు ఉదాహరణ ఉంది, ఎడిన్‌బరోలో జార్జ్ స్ట్రీట్ మీద 1784లో తెరిచిన సెయింట్ ఆండ్రూస్, అది కోడిగుడ్డు ఆకారం ప్లాను, దాన్ని గీసిన ఆండ్రూ ఫ్రేజర్ కూడా మిలటరీ ఇంజనీరే. ఆ చర్చిలోనే 1843లో స్కాట్లాండ్ సంఘం రెండుగా చీలిపోయింది, దాని దెబ్బ మద్రాసుకి కూడా తగిలింది, ఆ సంగతి తర్వాత చెప్తా.

కిర్క్ కొలతలు చూడండి. గుండ్రటి భాగం వ్యాసం 81.5 అడుగులు. దానికి తూర్పున, పడమరన చదరపు గదులు అతికించినట్టు ఉంటాయి. లోపల 16 స్తంభాలు గుండ్రంగా నిలబడి ఉంటాయి, నిలువు చారలు చెక్కి, పైన కొరింథియన్ ఆకుల తలకట్టుతో. వాటి మీద ఉండే డోము వ్యాసం 51.5 అడుగులు. ఈ రెండు నంబర్లు తెలిస్తే చాలు స్ట్రక్చర్ మొత్తం అర్థమవుతుంది. 81.5లోంచి 51.5 తీసేసి సగం చేస్తే 15 అడుగులు, అంటే స్తంభాల వరసకి బయట చుట్టూరా 15 అడుగుల రింగు. 51.5ని చుట్టుకొలత చేసి 16తో భాగిస్తే స్తంభానికీ స్తంభానికీ మధ్య సుమారు 10 అడుగులు. అంత దగ్గరగా ఉన్నాయి కాబట్టి వాటి మీద బరువు మోసే పని ఇబ్బంది లేదు.

ఇబ్బందల్లా డోము లోతు తక్కువగా ఉండటం. బోర్లించిన పళ్లెంలా ఉంటుంది. నిలువుగా ఎత్తుగా ఉండే డోము బరువుని ఎక్కువగా కిందికే తోస్తుంది, లోతు తక్కువైన కొద్దీ పక్కలకి తోసే బలం పెరుగుతుంది. సన్నటి స్తంభాలు పక్క తోపుడిని తట్టుకోలేవు. అక్కడ పనికొచ్చేదే ఆ 15 అడుగుల రింగు, దాని మీదున్న గుండ్రటి వాల్టు (వంపు కప్పు), దాని బయట మందపాటి గోడ. లోపలి నుంచి వచ్చే తోపుడిని చుట్టూ ఉన్న కట్టడం పట్టుకుంటుంది. ఇంకోటి, డోములో ఉత్త ఇటుకలు పెట్టకుండా శంకువు ఆకారం మట్టి కుండల్లాంటివి నింపి బరువు తగ్గించారు. బరువు తగ్గితే తోపుడు కూడా దానంతటదే తగ్గుతుంది, అదీ కిటుకు. కాల్చిన మట్టి లోపల బోలుగా ఉంటే ఎండ వేడి కిందికి దిగడం కూడా కొంచెం ఆలస్యమవుతుంది, మే నెలలో మద్రాసులో ఒక్కసారన్నా ఉన్నవాళ్లకి ఆ కొంచెం ఎంత విలువో తెలుసు.

దీన్నే కర్రతో ఎందుకు కట్టలేదు, లండన్‌లో అయితే కర్ర ట్రస్సులే కదా అని అడగొచ్చు. చెదలు. మద్రాసు తేమలో, చెదల్లో పెద్ద స్పాన్ కర్ర కప్పు వేస్తే మనవళ్ల కాలానికి దాన్ని విప్పి మళ్లీ వేయాల్సిందే. ఇటుక, సున్నం అయితే చెదకి తినడానికి ఏముంది?

డోము లోపలివైపు ముదురు నీలం, దాని మీద బంగారు రంగు చుక్కలు. ఆ నీలం లాపిస్ లజులీ రాయిని గవ్వలతో కలిపి నూరి చేసిందని గైడ్లు చెప్తుంటారు. రెండొందల ఏళ్లలో ఆ డోముకి ఎన్నిసార్లు రంగు వేసుంటారో ఆలోచిస్తే, శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపకుండా ఈ మాట నేనైతే రిపోర్టులో రాయను. మాట వినపడటం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. గుండ్రటి గోడలు, డోము ఉన్న హాల్లో శబ్దం ఒకచోట పోగుపడుతుంది, ఇది ఏ డోముకైనా తప్పదు. లోపలున్న స్తంభాలు మాత్రం ఆ శబ్దాన్ని కొంత చెదరగొడతాయి. 1883లో ఇంగ్లండ్‌లో హడర్స్‌ఫీల్డ్ నుంచి కొనాకర్ కంపెనీ పైప్ ఆర్గాన్ తెప్పించి పెట్టారు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన పార్ట్, ఫౌండేషన్.

ఎగ్మోర్ నేల బంకమన్ను, వానాకాలం నీళ్లు నిలుస్తాయి. బంకమన్ను సంగతి మన గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చీలుతుంది. దాని మీద మామూలు పునాది తీసి 166 అడుగుల స్టీపుల్ ఒక చివర, దానికంటే చాలా తేలికైన హాలు పక్కన కడితే ఏమవుతుంది, స్టీపుల్ ఎక్కువ కుంగుతుంది, హాలు తక్కువ కుంగుతుంది, రెండూ అతికిన చోట గోడ నిలువునా పగులుతుంది. డి హావిలాండ్ దీనికి ఇంగ్లీష్ పుస్తకాల్లో వెతక్కుండా ఇక్కడి వాళ్ల పద్ధతి పట్టుకున్నాడు, బావులు దింపడం. సుమారు 150 బావులు, లోతు 14 అడుగుల నుంచి 50 అడుగుల దాకా.

బావి దింపడం తెలియని కుర్రాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తా. అడుగున ఒక చట్రం పెట్టి దాని మీద ఇటుకలతో గుండ్రంగా కట్టుకుంటూ పోతారు, లేదా కాల్చిన మట్టి ఒరలు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. మనిషి లోపలికి దిగి అడుగున, అంచుల కింద సమంగా మన్ను తవ్వుతూ పైకి పంపుతుంటే ఆ ఒర తన బరువుకి తానే కిందికి జారుతుంది. ఒక పక్క ఎక్కువ తవ్వితే ఒర ఒరిగిపోతుంది, అప్పుడు రెండో పక్క తవ్వి, పైన బరువు పెట్టి మళ్లీ నిలువు చేయాలి, ఇదంతా మోకాల్లోతు నీళ్లలో నిలబడి, ఊట నీళ్లు తోడుకుంటూ. గట్టి నేల తగిలాక లోపల ఇటుకముక్కలు, సున్నం వేసి నింపి, పైన అన్ని బావుల్నీ కలుపుతూ కట్టుబడి లేపుతారు. తాగునీటి బావి కోసం తరతరాలుగా చేసిన పనే, మేస్త్రీకి గానీ కూలీకి గానీ కొత్తగా నేర్పాల్సింది ఏం లేదు.

ఆ 14, 50 అనే నంబర్లు మరోసారి చూడండి. ఒకే కాంపౌండ్‌లో ఒక బావి 14 అడుగులకి ఆగి ఇంకోటి 50 దాకా పోయిందంటే, డ్రాయింగ్‌లో గీసిన లోతుకి కాకుండా కింద నేల ఒప్పుకున్న లోతుకి దింపారని నేను అర్థం చేసుకున్నా. ఇవాళ మనం బోర్ లాగ్ (బోరు వేసి రాసుకున్న నేల పొరల వివరాలు) చూసి పైల్ (నేలలోకి దింపే పునాది స్తంభం) లోతు మార్చేది ఇదే లాజిక్‌తో. అప్పుడు బోర్ లాగ్ లేదు, కిందికి దిగిన మనిషి పార చెప్పిందే రిపోర్టు.

ఇదే పద్ధతి పెద్ద సైజులో గోదావరి దగ్గర మన కళ్ల ముందే ఉంది, రాజమండ్రిలో 1900లో తెరిచిన హావ్‌లాక్ వంతెన స్తంభాలు నిలబడింది నదిలో దింపిన బావుల మీదే. కాటన్ దొర కూడా ఇదే మద్రాస్ ఇంజనీర్స్ మనిషి, ఆయన కుర్రాడిగా మద్రాసులో దిగింది 1821లో, అంటే కిర్క్ తలుపులు తెరిచిన ఏడే. అంతు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలపాలో తాము ఇక్కడి పాత కట్టడాల దగ్గరే నేర్చుకున్నామని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. ధవళేశ్వరం గురించి మాట్లాడేటప్పుడు కాటన్ ఒక్కడి తెలివి అన్నట్టు మాట్లాడతాం గానీ, ఆ దళానికి అప్పటికే ఇక్కడి నేల మీద పని చేసిన అలవాటు ఉంది.

పై పూత సంగతి కూడా చెప్పాలి. లోపల గోడలు మెరుస్తూ తెల్లగా ఉండేది మద్రాసు చునాం వల్ల. సముద్రపు గవ్వలు, ఆల్చిప్పలు కాల్చిన సున్నం, నానబెట్టి, సన్నగా నూరి, కోట్ మీద కోటు వేసి, ఆఖరి కోటులో కోడిగుడ్డు తెల్లసొన, పెరుగు, నెయ్యి లాంటివి కలిపి, నున్నటి రాయితో గంటలకొద్దీ రుద్దితే పాలరాయిలా వస్తుంది. మన హైదరాబాద్ వైపు డంగు సున్నం అంటే బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కూడా పోస్తారు, ఊరికో వంట. అసలు పాయింట్ మెరుపు కాదు, సున్నం గోడ ఊపిరి పీల్చుకుంటుంది, లోపలికి దిగిన చెమ్మ మళ్లీ బయటికి ఆరిపోతుంది.

మా ప్రాజెక్ట్ అక్కడే గుర్తొచ్చేది. కోస్తాలో మేం చూసిన ఆ పాత చర్చికి మాకంటే ముందు వచ్చిన కాంట్రాక్టర్ ఎవరో కింద నాలుగడుగుల దాకా సిమెంట్ ప్లాస్టర్ కొట్టి, దాని మీద ప్లాస్టిక్ పెయింట్ వేసి పోయాడు. చెమ్మకి బయటికి దారి మూసుకుపోయి, అది గోడలో పైకెక్కి సిమెంట్ ఆగిన గీత దగ్గర తెల్లగా ఉప్పు పూసి, లోపల ఇటుక చేత్తో గీకితే పొడి రాలుతోంది. కమిటీ పెద్దాయన ఒకాయన "సిమెంటే కదండీ గట్టిది, మళ్లీ సిమెంటే కొట్టించండి" అంటారు. ఆయనకి నేను చూపించింది కిర్క్ ఫోటోలే. "ఆ చర్చి రెండొందల ఏళ్లు నిలబడింది సిమెంట్‌తో కాదండీ, సిమెంట్ అప్పటికింకా మద్రాసు మొహమే చూళ్లేదు" అన్నాక కొంచెం మెత్తబడ్డారు. సిమెంట్ అంతా కొట్టించేసి, గోడని ఒక ఎండాకాలం మొత్తం ఆరనిచ్చి, తర్వాత సున్నంతో మొదలుపెట్టాం. ఆ ఎండాకాలం ఆగడానికి కమిటీని ఒప్పించడమే అసలు కష్టం, పనిదేముంది.

చీలిక సంగతి చెప్తానన్నాను కదా. 1835లో కిర్క్ చాప్లిన్లు ఎగ్మోర్‌లో ఒక స్కూల్ మొదలుపెట్టారు, దాన్ని 1837లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన జాన్ ఆండర్సన్ తీసుకుని పెంచాడు. 1843లో స్కాట్లాండ్‌లో సంఘం చీలినప్పుడు ఆండర్సన్ విడిపోయిన ఫ్రీ చర్చ్ వైపు పోయాడు, కిర్క్ మాత్రం పాత సంఘంతోనే ఉండిపోయింది. ఆ స్కూలే పెరిగి మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ అయింది, మన సర్వేపల్లి రాధాకృష్ణన్ చదివిన కాలేజీ అదే. ఇక 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకా ప్రెస్బిటేరియన్లు ఉన్న దక్షిణ భారత ఐక్య సంఘం, ఈ మూడూ కలిసి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయ్యాయి, ఆ సభ జరిగింది డి హావిలాండ్ చెయ్యి పడిన ఆ సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లోనే. కిర్క్ ఇప్పుడు సీఎస్ఐ చర్చి, మెదక్, డోర్నకల్ చర్చిలు ఏ సంఘంలో ఉన్నాయో ఇదీ అందులోదే. బిషప్ వద్దని విడిగా కట్టుకున్న చర్చి చివరికి బిషప్ ఉన్న సంఘంలోకి వచ్చింది, స్టీపుల్ గొడవ పడినవాళ్లు ఇది చూస్తే ఏమనేవాళ్లో.

ఇలాంటి బిల్డింగ్ బాధ్యత ఎవరికన్నా వస్తే నేను ముందు అడిగేది పెయింట్ గురించి కాదు, నీళ్ల గురించి. పైకప్పు నీళ్లు ఎటు పోతున్నాయి, రింగు వాల్టుకీ డోముకీ మధ్య పల్లంలో ఆకులు ఇరుక్కుని నీళ్లు నిలుస్తున్నాయా, స్టీపుల్ సందుల్లో రావి మొక్క లేస్తోందా (పైకి కనపడేది పీకేస్తే లాభం లేదు, వేరు చావాలి). తర్వాత కింద నీళ్లు. ఇలాంటి పునాది పట్టు చుట్టూ ఉన్న బంకమన్నులో తేమ మీద ఆధారపడి ఉంటుంది. చుట్టుపక్కల బోర్లు వేసి నీళ్లు లాగేసినా, పక్కన లోతుగా తవ్వినా ఆ మన్ను కదులుతుంది. ఎగ్మోర్ కింద నుంచి ఇప్పుడు మెట్రో వెళ్తోంది, 2018లో ఆ స్ట్రెచ్ మొదలైంది. మన ఊళ్లలో కూడా పాత చర్చి పక్కనే అపార్ట్‌మెంట్‌కి రెండంతస్తుల సెల్లార్ తవ్వడం మామూలైపోయింది, తవ్వకం మొదలయ్యేముందే పగుళ్లన్నీ ఫోటోలు తీసి తేదీ వేసి పెట్టుకోకపోతే తర్వాత ఎవరితో ఏం వాదిస్తారు.

పగుళ్ల మీద అడ్డంగా గాజుముక్క అతికించడమో, చిన్న క్రాక్ గేజ్ (పగులు వెడల్పు కొలిచేది) పెట్టడమో చేసి, ఎండలు ముదిరాక ఒకసారి, వానలు పూర్తిగా తగ్గాక ఒకసారి రీడింగ్ తీయండి. ఎండాకాలం తెరుచుకుని వానలకి మూసుకునే పగులు ఏటా ఉంటుంది, దానికి గాబరా పడక్కర్లేదు. రెండు సీజన్లలోనూ తెరుచుకుంటూనే పోతుంటే అప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి. ఒక ఏడాది రీడింగ్స్ చేతిలో లేకుండా అన్ని పగుళ్లలోనూ ఎపాక్సీ (గట్టిపడే జిగురు) కొడతానని ఎవరన్నా కొటేషన్ పట్టుకొస్తే దాని మీద సంతకం పెట్టకండి.